సిల్వా గారు రాల్చిన కాయలు

ఇక్కడికి వలస వచ్చిన మా తెలుగువాళ్ల చేతికి మైకు దొరికితే చాలు, ఒకటే కథ. "మేం వచ్చినప్పుడు ఇక్కడ ఏముందండీ? అంతా ఖాళీ. నాలుగు తోటలూ, రెండు కొట్లూ. దీన్ని ఊరు చేసింది మనమే." మొన్న మా శాన్ రామన్‌లో ఒక పెద్దాయన రిటైర్మెంట్ భోజనాల్లోనూ అదే చెప్పారు. నా నోట్లో మైసూర్‌పాక్ ఉంది కాబట్టి కాసేపు ఊరుకున్నాను. అది కరిగిపోగానే అడిగాను: "తోటలున్నప్పుడు ఖాళీ ఎలా అవుతుందండీ?" ఆయన నవ్వేసి "నీకు ప్రతిదానికీ వాదనేనమ్మా" అన్నారు. నిజమే, మా ఆయన ఈ సంగతి పెళ్లయిన వారంలోనే కనిపెట్టారు. కానీ ఈ ఒక్క విషయంలో వాదించే హక్కు నాకుంది. ఆ పెద్దాయన ఇంకా ఇండియాలో వీసా క్యూలో నిలబడి ఉన్న రోజుల్లో నేను ఇక్కడికి గంట దూరంలోని శాంటా క్లారాలో ఐదో తరగతి చదువుతున్నాను. ఆయన చెప్పే ఆ ఖాళీలో ఏముందో కళ్లారా చూశాను, నోరారా తిన్నాను, ఒకసారి దాని కొమ్మ మీంచి జారిపడి మోచెయ్యి కూడా విరగ్గొట్టుకున్నాను.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలబడే కథ ఇంకోటి ఉంది. అది చెప్పేవాళ్ల గొంతు కాస్త జీరగా ఉంటుంది. "అప్పట్లో స్వర్గం అనుకోండి. ఎటు చూసినా పూలే. ఇప్పుడు చూడండి, కాంక్రీటు, ట్రాఫిక్కు. పాడు చేసి పెట్టారు." ఎవరు పాడు చేశారన్నది మాత్రం ఎప్పుడూ చెప్పరు. తాము ఇల్లు కొనుక్కున్న రోజు దాకా కట్టిందంతా అభివృద్ధి, ఆ మర్నాటి నుంచి కట్టింది విధ్వంసం. మొదటి కథ చెప్పే నోరే రెండో కథా చెప్పడం నేను చాలాసార్లు విన్నాను, ఒక్కోసారి ఒకే భోజనం బల్ల దగ్గర.

ఆ రెండో కథ పోయిన నెల వసుంధర రూపంలో మా ఇంటికే వచ్చింది. వసుంధర మా పక్కింటావిడ, వరంగల్ మనిషి, నాకంటే రెండేళ్లు చిన్న. కరివేపాకు రెబ్బ కోసం వీధి చుట్టూ తిరిగి రావడం ఎందుకని మా రెండు పెరళ్ల మధ్య కంచెలో ఒక చెక్క ఊడదీసి ఉంచుకున్నాం. పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్నప్పుడు ఊడదీసిన చెక్క అది, మళ్లీ బిగించలేదు. ఆ సందులోంచే వచ్చింది ఆ రోజూ. మా వీధి చివర ఒక వాల్‌నట్ తోట మిగిలింది. దాన్ని కొట్టేసి నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్లు కడతారట. ఆపించడానికి మా వీధి వీధంతా సిటీ కౌన్సిల్ మీటింగ్‌కి వెళ్తున్నారు. అక్కడ ఎవరైనా లేచి కాసేపు మాట్లాడవచ్చు.

"అక్కా, నువ్వు మాట్లాడాలె" అంది కూర్చోకుండానే. "మేం మాట్లాడితె, నిన్న మొన్న వచ్చినోళ్లు వీళ్లా మనకు చెప్పేదనుకుంటరు. నువ్వు చిన్నప్పటి సంది ఈడనే పెరిగినవ్. ఆ తోటలు, ఆ పూలు అన్నీ చెప్పు. ఒక్కొక్కడు కర్చీఫ్ తియ్యాలె."

"ట్రాఫిక్ అనేది ఉందిగా, అది చెప్పండి. నిజమైన బాధ అదే కదా."

"ట్రాఫిక్ మా ఆయన చూస్కుంటడు. స్కూళ్లు నేను చూస్కుంట. నీది ఎమోషన్."

వంటింట్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న మా అమ్మ అక్కడినుంచే అంది, "కట్టుకోనివ్వండర్రా. మీ సొమ్మేం పోయింది?"

"అట్ల కాదు ఆంటీ. ఇప్పటికే పార్కింగ్ దొరకట్లే."

"మీకు మూడు కార్ల గరాజు ఉందిగా. అందులో కార్లు తప్ప అన్నీ ఉన్నాయి." అమ్మ ఇంకో కాయ తీసుకుంది. "మీ అబ్బాయి వరుణ్ కనిపించట్లేదేమే ఈమధ్య?"

"మాంటెకాల ఉంటుండు ఆంటీ. ఆఫీసేమో ఈడనే. పొద్దుగాల్నే లేచి గంటన్నర డ్రైవ్ చేస్కుంట వస్తడు. ఈడ రెంట్లు..." అని ఆగిపోయింది వసుంధర. వంటింట్లోంచి చిక్కుడుకాయ టక్కున విరిగిన చప్పుడు వినిపించింది.

నేను వస్తానన్నాను. ఏం మాట్లాడతానో చెప్పలేదు. ఆవిడా అడగలేదు, తన వైపేననుకుంది. ఆ రోజు నుంచి మీటింగ్ దాకా నాకు సరిగ్గా నిద్ర లేదు. కౌన్సిల్ సంగతి కాదు నా బెంగ. అన్నంలోకి ఏం చేశావని రోజూ అడిగే మనిషి నాకు ఈ ఊళ్లో ఒక్కతే. ఆ కంచె చెక్కకి మళ్లీ మేకులు పడితే ఎలా అన్నదే బెంగ. కానీ ఆవిడ అడిగిన తోట గురించి ఆవిడ అడిగినట్టు చెప్పడం నా వల్ల కాదు. ఎందుకంటే ఆ తోట ఉండగా మేం ఎలా బతికామో, పోయాక ఎలా బతికామో రెండూ నాకు తెలుసు.

శాంటా క్లారాలో మాది రెండో అంతస్తులో ఒక పడగ్గది ఇల్లు. నేనూ, అమ్మా, నాన్నా. హాల్లో సోఫా వెనక పరుపేసుకుని మా బాబాయి. పొద్దున్నే నాన్న కాఫీ వాసన, దాని వెనకే తడి కార్పెట్ వాసన. ఆ కార్పెట్ ఎండగా ఉన్న రోజుల్లోనూ తడి వాసనే వేసేది. అమ్మ పోపు వేసే ముందు "రాజీ, తువ్వాలు!" అని కేక పెట్టేది. నేను పరుగెత్తుకెళ్లి స్టూలెక్కి, పొగ అలారం కింద తువ్వాలు విసురుతూ నిలబడాలి. ఆవాలు చిటపటమనడం ఆగే దాకా అదే నా ఉద్యోగం. ఎండుమిరపకాయల రోజైతే బాబాయి రెండో తువ్వాలుతో వచ్చేవాడు. మా చుట్టుపక్కల తెలుగు మాట్లాడేవాళ్లు ఎవరూ లేరు. నాన్న కంప్యూటర్ చిప్పుల కంపెనీకి, బాబాయి కాలేజీకి, నేను స్కూలుకి వెళ్లిపోయాక అమ్మ బాల్కనీలో నిలబడేది. సాయంత్రం నేను వచ్చేసరికీ అక్కడే ఉండేది. బెజవాడలో వీధి గుమ్మంలో నిలబడితే పదిమంది పలకరించే మనిషి. ఇక్కడ మాట్లాడక మాట్లాడక సాయంత్రానికి గొంతు బొంగురుపోయేది.

బాల్కనీ కింద చెక్క కంచె. దాని అవతల సిల్వా గారి ఆప్రికాట్ తోట. తోట మొత్తం ఆవిడదే. ఎప్పుడూ రబ్బరు బూట్లూ, అంచులు ఊడిపోయిన గడ్డి టోపీ, నాన్న కంటే పెద్ద చేతులు. చలికాలం చివర తెల్లటి పూలు వచ్చి రాలిపోయేవి. ఆ తర్వాత చింతపిక్కలంత కాయలు, అవి ఊరి ఊరి ఉసిరికాయలంత అయ్యేవి. సరిగ్గా అప్పుడు సిల్వా గారు, చివర రబ్బరు గొట్టం తొడిగిన పొడుగాటి కర్ర పట్టుకుని వచ్చి కొమ్మల్ని కొట్టేది. పచ్చి కాయలు వడగళ్లలా రాలేవి. మొదటిసారి అది చూసి మా అమ్మ బాల్కనీ మీద గుండెలు బాదుకుంది. "దీనికి మతి పోయిందే! కడుపుతో ఉన్న చెట్టుని కొడుతోంది!" పళ్లు పెద్దవి కావాలంటే కాయలు పలచన చెయ్యాలనీ, లేకపోతే బరువుకి కొమ్మ విరుగుతుందనీ మాకేం తెలుసు? నేల మీద పరుచుకున్న పుల్లటి కాయలు మాత్రం మా అమ్మకి కనిపించాయి. ఇండియా వదిలి వచ్చాక ఆవకాయ ముక్క నాలిక మీద పెట్టని మనిషి.

చెప్పులైనా వేసుకోకుండా కిందికి దిగింది. కంచె విరిగిన చోట దూరి, కొంగులోకి ఏరడం మొదలుపెట్టింది. నేను వెనకే. సిల్వా గారు బూట్లు టపటపలాడించుకుంటూ వచ్చింది. ఆవిడ అన్నదాన్ని అమ్మకి తెలుగులో చెప్పడం అప్పట్లో నా పని, ఇక్కడా అదే చేస్తున్నాను.

"అవి తినకూడదమ్మా, కడుపు నొప్పొస్తుంది. జూన్‌లో రండి, పండినవి నేనే ఇస్తాను."

"పండాక ఎవరిక్కావాలి, ఎందుకూ పనికిరావని చెప్పు" అంది అమ్మ.

నేను ఉన్నదున్నట్టు చెప్పేశాను. సిల్వా గారు కర్ర ఆనించుకుని నిలబడి నన్నూ, మా అమ్మ కొంగునూ మార్చి మార్చి చూసింది. జీవితమంతా ఆ పండు కోసమే చాకిరీ చేసిన మనిషి. పండితే పనికిరాదనే మాట ఆ తోటల ఊళ్లో ఎవరూ ఆవిడతో అని ఉండరు. తర్వాత టోపీ ఊడిపడేట్టు నవ్వింది. బకెట్ తెచ్చి మా అమ్మ చేతిలో పెట్టింది.

ఆ మొదటి ఆవకాయ సంగతి చెప్పకపోతే నాన్న ఆత్మ శాంతిస్తుంది, అయినా చెబుతాను. అమ్మ ఒక్కో కాయ నూగు పోయేట్టు తడిబట్టతో తుడిచింది, ఆరబెట్టింది, బెజవాడ నుంచి చీరల మధ్య చుట్టి తెచ్చుకున్న కత్తిపీట మీద టెంకతో సహా రెండుగా కొట్టింది, జీడి తీసేసింది. ఆవాలు కాఫీ మిల్లులో పట్టింది (తర్వాత నెల్లాళ్లు కాఫీ తాగితే ముక్కు మండేది). మిగిలింది నువ్వుల నూనె. నాన్న చైనా కొట్టుకి వెళ్లి, సీసా మీద నువ్వుల నూనె అని ఇంగ్లీషులో ఉన్నది చూసి, గర్వంగా పట్టుకొచ్చారు. పోస్తే నల్లగా ఉంది. అది వేయించిన నువ్వుల నుంచి తీసే నూనె అనీ, వాళ్లు కూరల్లో చుక్క వేసుకుంటారనీ తర్వాతెప్పుడో తెలిసింది. మేం తెచ్చిన సీసాలన్నీ ఆవకాయలో పోసేశాం. అమ్మ వాసన చూసి, "ఏమండీ, ఇది కొట్లో కొన్నారా, కారులోంచి తీశారా?" అంది. నాన్న పట్టుదలగా ఆ ఏడాదంతా ఆ ఆవకాయ తిన్నారు, బాగుందన్నారు కూడా. బాబాయి మాత్రం పెరుగన్నంతోనే సరిపెట్టుకునేవాడు.

అప్పటి నుంచి ఆ కంచె మాకు కంచె కాదు. వేసవిలో సిల్వా గారి షెడ్డులో పనివాళ్లు పండిన కాయల్ని రెండు చెక్కలుగా కోసి, గుంటలు పైకి ఉండేట్టు చెక్క పళ్లాల మీద పేర్చి ఎండబెట్టేవాళ్లు. అందరూ నిలబడి చాకుతో కోస్తుంటే మా అమ్మ కింద కత్తిపీట వేసుకుని బాసింపట్టు వేసుక్కూర్చుంది. మొదట అందరూ ఆవిడ పాదాలకి ఏమవుతుందోనని హడలిపోయారు. పని లేని రోజుల్లో అవే పళ్లాల మీద అమ్మ వడియాలు పెట్టుకునేది. బాల్కనీలో పెడితే అపార్ట్‌మెంట్ మేనేజరు పావురాలొస్తున్నాయని గోల చేసేవాడు. ఇక్కడ సిల్వా గారే కర్రుచ్చుకుని కాకుల్ని తోలేది. వాళ్లిద్దరూ ఏ భాషలో మాట్లాడుకునేవారో నాకిప్పటికీ తెలియదు. నేను స్కూలు నుంచి వచ్చేసరికి మా అత్తల మీద చాడీలు కూడా ఆవిడకి చేరిపోయి ఉండేవి. సాయంత్రానికి అమ్మ గొంతు బొంగురు అలాగే ఉండేది, అయితే ఇప్పుడు మాట్లాడీ మాట్లాడీ.

నాకు పదమూడో ఏడు వచ్చేసరికి తోట అమ్మకానికి బేరం కుదిరింది. ఎవరో బలవంతంగా లాక్కోలేదు. సిల్వా గారికి నడుము పోయింది, పిల్లలు లేరు. కొంటున్నది మా అపార్ట్‌మెంట్ల యజమానే. అక్కడ మరో నాలుగు బిల్డింగులు లేపుతాడట. నాన్న సంతోషించారు, రెండు పడగ్గదుల ఇల్లు దొరుకుతుందని. అమ్మ రెండు రోజులు అన్నం మానేసి, మూడోరోజు నన్ను లాక్కుని తోటలోకి వెళ్లింది. "అమ్మొద్దని చెప్పవే. బంగారంలాంటి చెట్లు. పాపం తగులుతుందని చెప్పు."

పాపాన్ని ఇంగ్లీషులో ఎలాగో చెప్పాను. సిల్వా గారు బకెట్ బోర్లించి కూర్చుంది.

"మా నాన్న సముద్రం మధ్య దీవుల నుంచి వచ్చి ఈ నేల కొన్నప్పుడు ఇక్కడ గోధుమ చేను ఉండేదట. దున్నేసి ఈ చెట్లు పెట్టాడు. ఆ గోధుమల రైతు మా నాన్నని ఎంత తిట్టుకున్నాడో!" అంది. గోధుమలకి ముందు ఆ నేల మీద తిరిగిన ఆదివాసుల మాట ఆవిడా ఎత్తలేదు, మావాళ్ల ఉపన్యాసాల్లోనూ రాదు.

"మరి మీకు బాధ లేదా?" అన్నాను. ఇది అమ్మ అడగమన్నది కాదు.

"లేకేం? ఉంది." అమ్మ వైపు వేలు చూపించింది. "మీ బాబాయి సోఫా వెనక పడుకుంటున్నాడని రోజూ వచ్చి నాతో ఏడ్చేది ఎవరు? అతనెక్కడ పడుకోవాలి, చెట్టు మీదా?"

తెలుగులో చెప్పాను. అమ్మ నా చెయ్యి వదిలేసి, ఇంకో బకెట్ బోర్లించి ఆవిడ పక్కన కూర్చుంది.

ఆ వసంతంలో మళ్లీ కాయలు పట్టాయి. వేసవి రాకముందే చెట్లు కొట్టేస్తారని అందరికీ తెలుసు. కొట్టేసే తోటలో కాయలు పలచన చేసే రైతు ఎక్కడైనా ఉంటాడా? పండే పళ్లే లేనప్పుడు ఏవి పెద్దవి కావాలని? అయినా ఒక శనివారం పొద్దున ఆ రబ్బరు గొట్టం కర్ర చప్పుడు వినిపించింది. బాల్కనీలోకి పరుగెత్తాం. సిల్వా గారు, ఒక చెయ్యి నడుం మీద వేసుకుని, మరో చేత్తో కొమ్మల్ని కొడుతోంది. పైకి చూసి మా అమ్మకి బకెట్ ఎత్తి చూపించింది.

ఆ ఆవకాయకి నూనె మంచిదే దొరికింది. అమ్మ ఒక పెద్ద సీసా నింపి ఆవిడకి ఇచ్చింది. "మూడో రోజు తిరగకలపమను. తడి చెయ్యి పెట్టొద్దను. వేడన్నంలో నెయ్యి వేసుకుని తినమను." అన్నీ చెప్పాను. ఆవిడ రెండు చేతులతో సీసా అందుకుని, ట్రక్కులో తన పక్క సీట్లో కూర్చోబెట్టి, బెల్టు కూడా పెట్టింది. ఎక్కడో లోతట్టు ఊళ్లో అక్క దగ్గరికి వెళ్తున్నానంది. తర్వాత మేం ఆవిడని చూడలేదు.

ఆ చెట్లున్న చోట లేచిన ఇంట్లో నేను కాలేజీకి వెళ్లే దాకా పెరిగాను. అది అందమైన బిల్డింగని ఎవరూ అనలేరు. గోడలు అట్టముక్కలు, పక్కింటాయన తుమ్మితే మేం "చిరంజీవ" అనేవాళ్లం. కానీ బాబాయికి గది వచ్చింది. రెండేళ్లు తిరక్కుండా మెట్ల మీద గుంటూరు వినిపించింది, కరీంనగర్ వినిపించింది. ఒకరి అలారం మోగితే ముగ్గురు తువ్వాళ్లతో పరుగెత్తుకొచ్చేవారు. కాన్పులకీ, జ్వరాలకీ, ఉద్యోగాలు ఊడినప్పుడూ ఒకరి అన్నం గిన్నె ఇంకొకరి ఇంట్లో ఉండేది. అమ్మకి ఆ తోట పోయినందుకు దుఃఖమూ ఉండేది, ఆ మెట్ల వల్ల బతికానన్న కృతజ్ఞతా ఉండేది. ఒకటుంటే రెండోది ఉండకూడదని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు నాకు అయిదు పడగ్గదులున్నాయి. మా వీధిలో గరాజు తలుపులు లేస్తాయి, దిగుతాయి, లోపలికి వెళ్లిందెవరో తెలియదు. వసుంధర తీసిన ఆ చెక్క సందు లేకపోతే నేనూ మా అమ్మలాగే బాల్కనీ పట్టుకుని నిలబడేదాన్ని.

మీటింగ్‌కి వసుంధర కార్లోనే వెళ్లాను. పిలిచినప్పుడు లేచి ఇదే కథ చెప్పాను, రాల్చిన కాయలూ ఆవకాయ సీసాతో సహా, ఇంకా పొట్టిగా. మాకు ముందు ఇక్కడ ఖాళీ లేదు, తోట ఉంది. తోట ఉన్న ఆవిడ మాకు చోటిచ్చింది. ఆ చోట పెరిగిన నేను ఇప్పుడు ఇంకొకళ్లకి చోటు లేదని చెప్పలేను. వరుణ్ పేరు ఎత్తలేదు. ఎవరూ కర్చీఫ్ తియ్యలేదు. మా వీధివాళ్లు నా వైపు చూడ్డం మానేశారు. నిర్ణయం తర్వాతి మీటింగ్‌కి వాయిదా పడింది.

తిరిగొచ్చేటప్పుడు వసుంధర రేడియో కూడా పెట్టలేదు. రెండు సిగ్నళ్లు దాటాక అంది, "నీ కథలనే ఉన్నది కదక్కా. కాయలు ఎక్కువైతే కొమ్మ ఇరుగుతదని ఆమెనే కొట్టింది. ఊరికి గూడ గదే కద నేను చెప్తున్న?"

"చెప్పావు. నీ మాట తీసెయ్యను. కానీ రాల్చిన కాయలు ఎటు పోవాలే? మా అమ్మ ఆవకాయ పెట్టింది వాటితోనే."

మా వీధిలోకి తిరిగాం. చీకట్లో వాల్‌నట్ తోట నల్లగా ఉంది. వసుంధర బండి ఇంటి ముందు ఆపింది, ఇంజన్ మాత్రం ఆపలేదు.

"వరుణ్ గురించి చెప్తవనుకున్న."

"అది నువ్వు చెప్పాల్సింది. నేను కాదు."

స్టీరింగ్ మీద వేళ్లతో కాసేపు తాళం వేసింది. తర్వాత, నా మొహం చూడకుండానే, "ఇంతకు ఆమె ఆ పచ్చడి తిన్నదా?" అంది.

ఆ చెక్కకి మేకులు పడలేదు. మర్నాడు కరివేపాకు కోసం వచ్చింది. వచ్చి అలిగినట్టే నిలబడింది, కానీ వచ్చింది. ఆవిడ అడిగినదానికి మాత్రం మా ఇంట్లో ఇన్నేళ్లయినా జవాబు తేలలేదు. సిల్వా గారు బ్రెడ్డుకి రాసుకుని సీసా అడుగు దాకా ఊడ్చిందంటుంది అమ్మ. ఒక్క ముక్క నాలిక మీద పెట్టుకుని, మూత బిగించి, కిటికీలో పెట్టుకుని చూసుకుందంటాను నేను. వాదన మొదలైతే అన్నాలు చల్లారిపోతాయి. ఆ లోతట్టు ఊళ్లో ఎవరింటి అలమారులోనైనా ఎర్రటి నూనె మరకలున్న సీసా ఉంటే, ఆవిడ చుట్టాలెవరైనా ఇది చదివే దారి ఉంటే, ఒక్క మాట చెప్పరూ? మూడో రోజున సిల్వా గారు దాన్ని తిరగకలిపిందా?